రోమన్ నాణేలకు మళ్ళీ ఫొటోలు: అంతా వెలుతురులోనే ఉంది

(నాణేల సేకర్తల సమావేశంలో ఇచ్చిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. ఇవాళ నాణేల గురించి తక్కువ, నాణేల ఫొటోల గురించి ఎక్కువ మాట్లాడుకుందాం. మీలో చాలామంది దగ్గర రోమన్ నాణేలున్నాయి. పది ఉన్నవాళ్ళున్నారు, మూడొందలు ఉన్నవాళ్ళూ ఉన్నారు. కొన్నప్పుడు ఏదో ఒక ఫొటో తీసే ఉంటారు. ఒకటి స్కానర్ మీద పెట్టి తీసింది, ఒకటి పాత డిజిటల్ కెమెరాతో ఫ్లాష్ కొట్టి తీసింది, ఒకటి అరచేతిలో పెట్టుకుని ఫోన్‌తో తీసింది, ఇంకొకటి అమ్మినాయన పంపింది. అన్నీ ఒక ఫోల్డర్‌లో వేసి వరసగా చూడండి. అదే చక్రవర్తి, అదే టంకశాల, అదే వెండి. కానీ ఒకటి పసుప్పచ్చగా, ఒకటి నీలంగా, ఒకటి బొగ్గులా కనిపిస్తుంది. చూసేవాడికి ఏం తెలుస్తుంది?

అందుకే మళ్ళీ తీయాలనిపిస్తుంది. అనిపించగానే అందరూ అడిగేది ఒకటే: "ఏ కెమెరా కొనమంటారు?" కెమెరా సంగతి తర్వాత. పదేళ్ళ నాటి కెమెరా ఉన్నా చాలు. పాత ఫొటోలు చెడిపోయింది వెలుతురు దగ్గర. ఈ గంటలో మీరు ఒక్కటే గుర్తుపెట్టుకోవాలనుకుంటే అది పెట్టుకోండి. వెలుతురు దగ్గర.

ముందు ఫొటో దేనికో తేల్చుకుందాం. గోడకు తగిలించుకోవడానికైతే మీ ఇష్టం, ఎలాగైనా తీసుకోండి. సేకరణకు తీసే ఫొటో వేరు. నాణెం పక్కన లేనప్పుడు దాని తరఫున మాట్లాడాల్సింది ఆ ఫొటోయే. పోయిందనుకోండి, ఇది నాదే అని ఏది చూపిస్తారు? ఇంకో నాణెం కూడా ఇదే అచ్చులోంచి వచ్చిందా అని ఎవరో అడిగారనుకోండి, ఏది పంపిస్తారు?

ఒక ఉదాహరణ. టైబీరియస్ డెనారియస్. డెనారియస్ అంటే రోమన్ వెండి నాణెం. టైబీరియస్ రోమన్ చక్రవర్తి, క్రీ.శ. 14 నుంచి 37 దాకా పాలించాడు. బొమ్మ వైపు ఆకుల దండ పెట్టుకున్న తల. బొరుసు వైపు కుర్చీలో కూర్చున్న స్త్రీ, ఒక చేతిలో దండం, ఒక చేతిలో కొమ్మ, అటూ ఇటూ 'పాంటిఫ్ మాక్సిం' (ప్రధాన పూజారి అన్న బిరుదు) అన్న అక్షరాలు. లుగ్డునం టంకశాలది, అంటే ఇప్పటి ఫ్రాన్స్‌లో లియోన్ ఊరు. మన నల్గొండ జిల్లా అక్కనపల్లెలో దొరికిన రోమన్ వెండి నాణేల్లో ఆగస్టస్‌వీ టైబీరియస్‌వీ ఎక్కువ. కాబట్టి ఈయన మొహం మనకేమీ కొత్త కాదు. (మధ్యలో ఒక మాట. పొలంలో దొరికిందని ఎవరైనా తెచ్చి చూపిస్తే కలెక్టరుకు తెలియజేయమని చెప్పండి. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇంకా అమల్లోనే ఉంది. నేను మాట్లాడేది సక్రమంగా కొని, కాగితాలున్న నాణేల గురించి.)

సరే, ఈ డెనారియస్‌లో రకాలను దేన్నిబట్టి విడదీస్తారు? కుర్చీ కాళ్ళను బట్టి! కాళ్ళు నున్నగా ఉన్నాయా, నగిషీ ఉందా, కుర్చీ కింద గీత ఒకటా రెండా. నాణెం మొత్తం 18 మిల్లీమీటర్లు. అందులో కుర్చీ కాలు ఎంత? నాలుగు మిల్లీమీటర్లుంటే గొప్ప. ఫ్లాష్ కొట్టిన ఫొటోలో ఆ కాలు ఒక తెల్లటి మచ్చ. నాణెంలో ఉన్నది ఫొటోలో లేదు. అలాంటప్పుడు ఆ ఫొటో ఎందుకు?

వెలుతురు

నాణెం మీద రంగులు లేవు. ఎత్తుపల్లాలే ఉన్నాయి. ఎత్తుపల్లాలు కంటికి కనిపించాలంటే ఒక పక్క మెరుపు, ఒక పక్క నీడ ఉండాలి. నీడ పూర్తిగా తీసేస్తే ఏమవుతుంది? బజార్లో తెల్లగుడ్డ డబ్బాలు అమ్ముతారు, లైట్ టెంట్ అంటారు, నగల ఫొటోలకు వాడతారు. నాలుగు వైపులా తెలుపే. అందులో డెనారియస్ పెట్టి తీయండి, సున్నపు బిళ్ళలా వస్తుంది. మొహం ఉంటుంది, ముక్కు ఉండదు. రోమన్ నాణేలకు ఆ డబ్బా వద్దు.

మరీ పక్కనుంచి, నేలబారుగా వెలుతురు వేసినా కష్టమే. ప్రతి గీతా, ప్రతి గుంటా కొండంత అవుతుంది. బాగున్న నాణెం కూడా కుష్ఠు పట్టినట్టు కనబడుతుంది. బల్లకు దాదాపు 50, 60 డిగ్రీల ఎత్తులో దీపం పెట్టి మొదలుపెట్టండి. అక్కణ్ణుంచి పైకి, కిందికి జరుపుతూ చూడండి. వెండికి కొంచెం ఎత్తు పెంచాలి, నల్లటి కంచుకు కొంచెం దించాలి.

ఏ దిక్కునుంచి? పై నుంచి. అంటే నాణేన్ని గడియారం అనుకుంటే 10 గంటలకూ 2 గంటలకూ మధ్య ఎక్కడైనా సరే. కింద నుంచి మాత్రం కాదు. ఎందుకో తెలుసా? వెలుతురు ఎప్పుడూ పై నుంచే వస్తుందని మన కంటికి అలవాటు. దీపం 6 గంటల వైపు పెడితే ఉబ్బెత్తుగా ఉన్న బుగ్గ గుంటలా కనిపిస్తుంది. తల లోపలికి చెక్కినట్టుంటుంది. కావాలంటే ఏ నాణెం ఫొటో అయినా ఫోన్‌లో తలకిందులు చేసి చూడండి. ఇప్పుడే చూడండి, పర్లేదు.

ఇక్కడొక చిక్కుంది. రోమన్ నాణేల మీద తల చాలావరకు కుడివైపు తిరిగి ఉంటుంది. దీపం ఎడమ పై మూల, 10 గంటల దగ్గర పెట్టారనుకోండి. వెలుతురంతా వెనక జుట్టు మీద పడుతుంది, మొహం చీకట్లో ఉంటుంది. అందుకని ఒకటే దీపమైతే 12 గంటల దగ్గర, లేదంటే ఒక్క గీత కుడికి. రెండు దీపాలైతే 11 దగ్గర ఒకటి, 2 దగ్గర ఒకటి. రెంటికీ ఒకే బలం వద్దు. రెండూ సమానమైతే ఒకదాని నీడను ఇంకొకటి తినేస్తుంది, మళ్ళీ సున్నపు బిళ్ళే. రెండోదాన్ని రెట్టింపు దూరంలో పెట్టండి, సరిపోతుంది.

దీపం కదపలేని చోట నాణేన్ని తిప్పండి. పది డిగ్రీలు తిప్పడం, చూడడం. మళ్ళీ పది తిప్పడం, చూడడం. ఎక్కడో ఒకచోట మొహం పలుకుతుంది. అక్కడ ఫొటో తీసి, కంప్యూటర్‌లో బొమ్మను నిటారుగా తిప్పుకోవచ్చు. తిప్పాక వెలుతురు కింద నుంచి పడినట్టయితే మాత్రం అది పనికిరాదు, మళ్ళీ తీయాలి.

గాటు పడిన నాణేలకు ఈ తిప్పడం తప్పనిసరి. దక్షిణ భారతంలో దొరికిన రోమన్ నాణేల్లో చక్రవర్తి తల మీద ఉలితో గాటు పెట్టినవి ఉన్నాయి కదా. తమిళనాడులో పుదుక్కోట్టై దగ్గర 1898లో దొరికిన 501 బంగారు నాణేల్లో చాలావాటి మీద ఆ గాటు ఉంది. గాటు పొడవునా వెలుతురు పడితే అది మాయమవుతుంది, ఉందో లేదో తెలియదు. గాటుకు అడ్డంగా పడితే ఒక అంచు మెరుస్తుంది, ఇంకో అంచు నల్లబడుతుంది, లోతు తెలుస్తుంది. అలాంటి నాణేనికి రెండు ఫొటోలు తీయండి, ఒకటి మొహానికి, ఒకటి గాటుకు. రెండూ ఒకే ఫొటోలో కుదరాలని పట్టుబట్టకండి.

దీపం ముందు పల్చటి తెల్ల కాగితం, ట్రేసింగ్ పేపరైనా సరే, కట్టండి. ఒక్క పొర చాలు. మెరుపు మచ్చలు మెత్తబడతాయి, నీడ నీడగానే ఉంటుంది. మూడు పొరలు కడితే టెంట్‌తో సమానం.

బల్బు విషయం. 5000 కెల్విన్ దగ్గరి, అంటే పగటి తెలుపులాంటి ఎల్ఈడీ, సీఆర్ఐ (రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 95 లేక ఆ పైన ఉన్నది. డబ్బా మీద రాసి ఉంటుంది, లేకపోతే కొనకండి. గదిలో ట్యూబ్‌లైటు ఆపేయండి, కిటికీ తెర వేసేయండి. కిటికీ నుంచి నీలం, బల్బు నుంచి పసుపు కలిసి పడితే ఒక్క నాణెం మీదే రెండు రంగులుంటాయి. దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ సరిచేయలేదు. మొదలుపెట్టేముందు బూడిదరంగు కార్డు, ఫొటో షాపుల్లో దొరుకుతుంది, దాన్ని నాణెం చోట పెట్టి వైట్ బ్యాలెన్స్ (రంగులు సరిగ్గా వచ్చేలా కెమెరాకు చెప్పే అమరిక) పట్టుకోండి. ఆ రోజంతా అదే. ఆటో మీద వదిలితే కెమెరా ఒక్కో నాణేనికి ఒక్కో రంగు అనుకుంటుంది.

చవక ఎల్ఈడీలతో ఇంకో తంటా ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్, ఆ దీపాలు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. ఫొటో మీద అడ్డంగా నల్లటి పట్టీలు పడతాయి. షట్టరు 1/50 గానీ 1/25 గానీ పెట్టండి, పోతాయి.

గాజుపలకతో తీసే పద్ధతి కొందరు అడుగుతుంటారు. నాణేనికి పైన 45 డిగ్రీలు వంచి గాజుపలక పెట్టి, పక్కనుంచి దీపం వేస్తే, వెలుతురు గాజు మీద పడి నిలువుగా నాణెం మీదికి దిగుతుంది. కెమెరా ఆ గాజులోంచే చూస్తుంది. గాజు మీద తిరిగేది వచ్చిన వెలుతురులో పదో వంతు కూడా ఉండదు, మిగతాది సూటిగా అవతలికి పోతుంది. కాబట్టి అవతల వైపు నల్లగుడ్డ వేలాడదీయాలి, లేకపోతే గోడకు తగిలి తిరిగొస్తుంది. గాజు పల్చగా ఉండాలి, మందం ఎక్కువైతే గాజు రెండు ముఖాలూ అద్దాలై బొమ్మ జోడు పడుతుంది. కొత్తగా అచ్చు కొట్టినట్టు మెరిసే నాణేలకు ఇది బాగుంటుంది. అరిగిన డెనారియస్‌కు, చిలుము పట్టిన సెస్టర్షియస్‌కు (రోమన్ల పెద్ద ఇత్తడి నాణెం) నా ఓటు దీనికి లేదు. చదునుగా ఉన్న నేల మెరిసి, వాలుగా ఉన్న మొహం నల్లబడుతుంది.

కెమెరా, స్టాండు

ఇప్పుడు కెమెరా. మాక్రో లెన్సు, అంటే చిన్న వస్తువులను దగ్గర్నుంచి పెద్దగా తీసేది, 90 లేదా 100 మిల్లీమీటర్లది. 50, 60 అయినా ఫొటో బాగానే వస్తుంది, కానీ లెన్సు నాణేనికి మరీ దగ్గరికి వెళ్ళాలి. అప్పుడు లెన్సు నీడే నాణెం మీద పడుతుంది, దీపానికి చోటుండదు. ఫోన్లతో వచ్చే తిప్పలూ ఇవే. మాక్రో మోడ్ అనగానే చాలా ఫోన్లు వెడల్పు లెన్సుకు మారిపోయి రెండు మూడు సెంటీమీటర్ల దాకా రమ్మంటాయి. వెళ్ళకండి. 2 రెట్ల జూమ్ పెట్టి, ఫోన్ స్పష్టంగా పట్టుకున్నంత దూరంలో ఉంచి, తర్వాత కత్తిరించుకోండి. ఫోన్ దానంతటదే పదును పెట్టే ఏఐ ఏదైనా ఉంటే ఆపేయండి. అరిగిపోయిన చోట అక్షరంలాంటిదేదో అది గీసిపెడుతుంది. లేని అక్షరాన్ని చదివి, లేని రకాన్ని కనిపెట్టామనుకుంటాం!

కెమెరా నిలువుగా కిందికి చూడాలి. కాపీ స్టాండు, అంటే కెమెరాను కిందికి చూసేలా బిగించే స్తంభం, ఉంటే మంచిది. పాత డార్క్‌రూమ్ ఎన్‌లార్జర్ స్తంభం దొరికినా భేషుగ్గా పనిచేస్తుంది. సరిగ్గా నిలువుగా ఉందో లేదో ఎలా తెలుసుకుంటారు? చిన్న అద్దం ముక్క బల్ల మీద పెట్టండి. కెమెరాలో చూస్తే లెన్సు తనను తాను చూసుకుంటుంది. లెన్సు నడిబొడ్డు చిత్రం మధ్యలో ఉందా, సరే. పక్కకు పోయిందా, కెమెరా వంగి ఉంది. నాణెం పెట్టే దిమ్మ మీద కూడా ఇదే పరీక్ష చేయండి. వంగి తీస్తే ఒక అంచు స్పష్టంగా, ఎదురు అంచు మసకగా వస్తుంది. మనమేమో లెన్సును తిట్టుకుంటాం.

ఐఎస్ఓ 100. అపెర్చర్, అంటే లెన్సు రంధ్రం, ఎఫ్/8; అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నది. "ఎఫ్/16 పెడితే ఇంకా లోతు వస్తుంది కదా?" అని అడుగుతారు. ఇంత దగ్గర్నుంచి తీసేటప్పుడు ఎఫ్/8 అంటే పనిచేసేది ఎఫ్/14లా. ఎఫ్/16 అంటే ఎఫ్/28లా. అంత చిన్న రంధ్రంలో వెలుతురు చెదిరి మొత్తం బొమ్మే మెత్తబడిపోతుంది. మధ్యరకం (ఏపీఎస్-సీ) సెన్సారున్న కెమెరాలో డెనారియస్ నిండుగా పడితే, ఎఫ్/8 దగ్గర స్పష్టంగా వచ్చే లోతు సుమారు ఒక మిల్లీమీటరు. డెనారియస్ మీద తల ఎత్తు కూడా దాదాపు అంతే. కాబట్టి ఫోకస్ ముక్కు మీదా పెట్టొద్దు, నేల మీదా పెట్టొద్దు. జుట్టు మధ్యలో, ఎత్తుకూ నేలకూ నడుమ పెట్టండి. ఆటోఫోకస్ ఆపి, తెర మీద పది రెట్లు పెద్దది చేసి చేత్తో పట్టండి.

సెస్టర్షియస్ సంగతి వేరు. 32 నుంచి 35 మిల్లీమీటర్లు, 25 గ్రాములు, తల బాగా ఎత్తు. అక్కడ ఒక్క ఫొటో చాలదు. పై నుంచి కిందికి 0.3 మిల్లీమీటర్ల చొప్పున ఫోకస్ జరుపుతూ ఎనిమిదో పదో తీసి, హెలికాన్ ఫోకస్ లేదా జెరీన్ స్టాకర్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఒక్క ఫొటోగా కలపాలి. మధ్యలో నాణెం జుట్టంత కదిలినా అంచు చుట్టూ దెయ్యంలా ఇంకో అంచు వస్తుంది.

కదలడం అంటే గుర్తొచ్చింది. సీలింగ్ ఫ్యాన్ ఆపండి. ఎండాకాలం కష్టమే, తెలుసు. కానీ 1/25 సెకను షట్టరుకు స్టాండు వణుకు చాలు, నాణేల వివరాలు రాసిన చీటీలు ఎగిరిపోవడం అదనం. బటన్ చేత్తో నొక్కకండి, 2 సెకన్ల టైమర్ పెట్టండి.

నాణేన్ని కాగితం మీద నేరుగా పెట్టొద్దు, అంచు కింద నీడ పడి నాణెం ఆకారం తెలియదు. మూడు నాలుగు సెంటీమీటర్ల ఎత్తు చెక్క దిమ్మ, నాణెం కన్నా సన్నగా, డెనారియస్‌కైతే 10 మిల్లీమీటర్ల పుల్లముక్క, నిలబెట్టి దాని మీద పెట్టండి. కింద కాగితం మసకలోకి పోతుంది. చుట్టూ మెత్తటి గుడ్డ పరవాలి. పాత వెండి లోలోపల పెళుసుబారి ఉంటుంది, కింద పడితే వంగదు, రెండు ముక్కలవుతుంది. జారకుండా బ్లూటాక్ లాంటి బంక ముద్దలు అంటించకండి, నూనె మరక వదిలిపెడుతుంది.

కింద కాగితం తెలుపా, నలుపా? తెల్ల కాగితం పెడితే కెమెరా మీటరు వెలుతురెక్కువనుకుని నాణేన్ని నల్లగా తీస్తుంది, నలుపు పెడితే వెండిని పాలిపోయేలా తీస్తుంది. అందుకే ఎక్స్‌పోజర్ మాన్యువల్‌లో పెట్టండి. నాకైతే బూడిదరంగు కాగితం హాయి. బొమ్మకు, బొరుసుకు ఒకే ఎక్స్‌పోజర్ ఉండాలి, లేకపోతే ఒక నాణెం రెండు నాణేలవుతుంది.

వరస, చీటీలు, పాత ఫొటోలు

మళ్ళీ ఫొటోలు తీసేటప్పుడు జరిగే పెద్ద ప్రమాదం గీత పడడం కాదు, చీటీలు తారుమారవడం. ఒకేలాంటి టైబీరియస్‌లు నాలుగు బయటికి తీసి బల్ల మీద పెట్టారనుకోండి, అంతే సంగతులు. ఏ చీటీ దేనిది? బల్ల మీద ఎప్పుడూ ఒక్క నాణెమే ఉండాలి. ఎడమ ట్రేలోంచి తీయడం, పని ముగించి కుడి ట్రేలో పెట్టడం. మొదటి ఫొటో చీటీకి, రెండోది బొమ్మకు, మూడోది బొరుసుకు, నాలుగోది అంచుకు. పేర్లు తర్వాత పెట్టుకోవచ్చు, వరసే చెబుతుంది. అమ్మినవాళ్ళ పాత చీటీలను పారేయకండి, నాణెం ఎవరెవరి చేతులు మారిందో చెప్పేవి అవే.

అంచు ఫొటో ఎందుకంటారా? రాగి మీద వెండి పూత వేసిన పాత దొంగ డెనారియస్‌లుంటాయి, పూత ముందు అంచు దగ్గరే లేస్తుంది, ఎర్రటి గీత కనిపిస్తుంది. పోతపోసిన నకిలీకైతే అతుకు గీత, ఆకురాయి గుర్తులు కనబడేదీ అక్కడే.

చేతిలో ఉండగానే తూకం, 0.01 గ్రాము దాకా. అచ్చుల దిశ కూడా. బొమ్మ నిటారుగా పట్టుకుని, ఎడమ నుంచి కుడికి పేజీలా తిప్పండి. బొరుసు తల పైకి ఉంటే 12, కిందికి ఉంటే 6, గడియారం లెక్క. మీ జేబులో రూపాయి బిళ్ళ తిప్పి చూడండి, 12 వస్తుంది. రోమన్ వాటికి ఏదైనా రావచ్చు, అందుకే రాసుకోవాలి.

ఫైలు పేరు మీ సేకరణ వరస సంఖ్యే కావాలి, 0147 బొమ్మ, 0147 బొరుసు, ఇలా. కేటలాగు సంఖ్యను పేరులో పెట్టకండి. మనం చెప్పుకున్న టైబీరియస్ డెనారియస్‌నే చూడండి, రోమన్ చక్రవర్తుల నాణేల కేటలాగు 'రోమన్ ఇంపీరియల్ కాయినేజ్' మొదటి సంపుటం 1923 ప్రతిలో అది 3వ సంఖ్య. 1984లో సవరించిన ప్రతిలో అదే 30. రేపు ఇంకొకటి కావచ్చు.

కంప్యూటర్‌లో పని కొంచెమే. ఎడమన బొమ్మ, కుడిన బొరుసు, ఒకే కొలతలో. ఒక్కో వైపు 2000 పిక్సెళ్ళుంటే కుర్చీ కాళ్ళు లెక్కపెట్టవచ్చు. గుండ్రంగా కత్తిరించే పరికరం వాడకండి, దయచేసి. రోమన్ నాణెం గుండ్రంగా ఉండదు. అక్కడో పగులు, ఇక్కడో ముక్కు, ఒక పక్క అక్షరాలు బయటికి పోయి ఉంటాయి. పాత వేలం కేటలాగుల్లో చాలావరకు నాణేల ప్లాస్టర్ అచ్చులకే ఫొటోలు తీసి వేసేవాళ్ళు. రంగుతో, మెరుపుతో పోల్చడం కుదరదు. మీ నాణెం వాటిలో ఉందో లేదో చెప్పేది ఆ అంచు వంకరే. గుండ్రంగా కత్తిరిస్తే ఆధారాన్ని మీ చేత్తో మీరే కోసినట్టు.

మరి పాత ఫొటోలు? చెరిపేయకండి. వంకరగా, పసుప్పచ్చగా ఉన్నా సరే, ఉంచండి. కంచు నాణెం మీద ఇవాళ లేత ఆకుపచ్చ పొడి చుక్క కనబడింది. గోటితో తగిలితే రాలుతుంది, మళ్ళీ వస్తుంది. దాన్ని కంచు జబ్బు అంటారు, లోపల ఉన్న క్లోరైడ్లకు తేమ తగిలి వచ్చేది. ఇది ఎప్పటినుంచి ఉంది? పాత ఫొటో తీసి చూస్తేనే తెలుస్తుంది. అలాంటిది కనబడితే మిగతావాటి నుంచి వేరుచేసి, సిలికా జెల్ వేసిన డబ్బాలో పెట్టాలి. వాన కురిసే రోజు ట్రేలన్నీ తెరిచి కూర్చోవద్దని చెప్పేదీ అందుకే. ఫొటోకు అందంగా రావాలని నాణేన్ని తుడవడం, తోమడం మాత్రం అసలు చేయకండి. దుమ్ముంటే రబ్బరు బుడ్డితో ఊదండి, అంతవరకే.

వెనక వరసలో ఎవరో అడుగుతున్నారు... ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేసిన నాణేల సంగతా? డబ్బాను ఓ రెండు మూడు డిగ్రీలు వంచండి, దీపం ప్రతిబింబం పక్కకు పోతుంది. ఆ వంపుకు ఫోకస్ లోతు కొంత పోతుంది కాబట్టి అక్కడ మాత్రం ఎఫ్/11. ప్లాస్టిక్ మీది గీతలను నాణెం మీది గీతలనుకోకండి, డబ్బా కాస్త కదిపి చూస్తే తెలిసిపోతుంది.

ఇక చేసి చూద్దాం. ఆ మూల బల్ల మీద స్టాండు బిగించి ఉంది, ఒక డెనారియస్, ఒక సెస్టర్షియస్ పెట్టాను. నలుగురు నలుగురుగా రండి. ఆ కిటికీ తెర ఎవరైనా వేసేయండి. ఫ్యాన్ కూడా ఆపాలండీ.